పెరుగు యంత్రము - తోడు

పాలు పెరుగగుట మన యిండ్లయందు ప్రతిదినము జరుగు కార్యము. అది యెట్లు జరుగునని విద్యార్థుల నడిగినచో ననేకులు "తోడు వేసినందున" అని చెప్పి యూరకుందురు. ఇప్పుడు కొన్ని యిండ్లలోనికి యోగర్ట్ మేకర్ అను విద్యుద్యంత్రము వచ్చినది. యంత్రమే పెరుగును చేయుచున్నదని కొందరును, అది లేనిదే మంచి పెరుగు రాదని మరికొందరును తలంచుచున్నారు. ఈ రెండును సరికావు. కారణమును విచారింతము.

క్రీ. శ. 1857లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్, పాలు పులియుటకు కంటికి కనబడని సూక్ష్మజీవులే కారణమని తెలిపెను. 1905లో బల్గేరియా దేశస్థుడగు స్టామెన్ గ్రిగొరోవ్ జెనీవా నగరమున తన దేశపు పెరుగును పరీక్షించి, అందలి కడ్డీవంటి సూక్ష్మజీవిని కనుగొనెను. ఇట్టి జీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగ మార్చును. ఆమ్లము హెచ్చిన కొలది కేసీన్ అను మాంసకృత్తు గడ్డకట్టును. ఇదియే పెరుగు.

గ్రిగొరోవ్ కనుగొనిన జాతి 40 మొదలు 45 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చక్కగ వృద్ధిపొందును. మన యింటి తోడులో 30 డిగ్రీలకే పనిచేయు జాతులును కలవు. కావుననే వేసవిలో పాలు త్వరగ తోడుకొనును. డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారినను పలుచగనే యుండును. యంత్రము చేయునది యొక్కటియే: వెచ్చదనమును తగ్గనీయక, మితిమీరనీయక కాపాడుట.

చేయవలసిన విధము:

1. పాలను బాగుగ కాచవలెను. పచ్చిపాలలో క్షయ మొదలగు రోగములను కలిగించు జీవు లుండవచ్చును. కాచిన పాల పెరుగు గట్టిగను ఉండును.

2. గోరువెచ్చనగు వరకు చల్లార్చవలెను. మణికట్టుపై ఒక చుక్క వేసినచో వెచ్చగ తోచవలెను గాని చుఱుక్కుమనరాదు.

3. అర లీటరు పాలకు ఒక చిన్న చెంచాడు తాజా పెరుగును, శుభ్రమైన చెంచాతో కలుపవలెను.

4. యంత్రములోని గిన్నెలలో పోసి, ఆరు మొదలు ఎనిమిది గంటలు కదపక ఉంచవలెను. పిదప చల్లని చోట పెట్టవలెను. లేనిచో పులుపు హెచ్చును.

విద్యార్థులారా, ఒక పరీక్ష చేసి చూడుడు. కాచిన పాలను నాలుగు గ్లాసులలో పోయుడు. మొదటిదానిలో పాలు మరుగుచుండగనే తోడు వేయుడు. రెండవది గోరువెచ్చగ నున్నప్పుడు తోడువేసి వెచ్చని చోట ఉంచుడు. మూడవదానికి తోడువేసి మంచుపెట్టెలో ఉంచుడు. నాలుగవది తోడు లేకయే వెచ్చని చోట ఉంచుడు. ఎనిమిది గంటల పిమ్మట రెండవది మాత్రమే చక్కగ తోడుకొనియుండును. మొదటిదానిలో జీవులు చచ్చినవి, మూడవదానిలో మందగించినవి, నాలుగవదానిలో అవి లేనే లేవు. నాలుగవ గ్లాసు పాలను త్రాగరాదు.

తలిదండ్రులకు మా మనవి. బీద కుటుంబమున ఒక పూట పాలు చెడుట చిన్న నష్టము కాదు. ఆ నష్టము బిడ్డల కంచములోనిది. అయినను అందుకొరకు అప్పుచేసి యంత్రమును కొన నక్కరలేదు. మూతపెట్టిన గిన్నెకు పాత కంబళి చుట్టి, గాలి తగులనిచోట నుంచినను వెచ్చదనము చాలసేపు నిలుచును. విద్యుత్తు పోయిన రాత్రి యంత్రమునకును ఆ కంబళియే దిక్కు.

పిండిలో దాచిపెట్టిన పులిసిన పిండి దాని నంతటిని పులియజేయునని ప్రభువు చెప్పిన ఉపమానము మన మెఱిగినదే. చెంచాడు తోడును అట్టిదే. దానిని ఏ యంత్రమును పుట్టింపజాలదు. తోడు అయిపోయిన దినమున, యంత్రము గలవారును గిన్నె పట్టుకొని పొరుగింటి తలుపు తట్టవలసినదే.