నోరు తెరిస్తే దవడ టక్కుమంటోంది

ప్రశ్న: నా వయసు 27. ఆవులించినా, పెద్ద ముద్ద పెట్టుకున్నా కుడి చెవి దగ్గర టక్కుమని చప్పుడొస్తోంది. నొప్పి లేదు. ఎముక అరిగిపోతోందా?
– ఒక పాఠకురాలు

జవాబు: భయపడకండమ్మా. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. కింది దవడ ఎముక కొనకూ పుర్రెకూ మధ్య మెత్తటి బిళ్ల ఒకటుంటుంది. అది కాస్త ముందుకు జారితే, నోరు తెరిచినప్పుడు ఎముక దాని అంచు దాటి మళ్లీ బిళ్ల మీదికి ఎక్కుతుంది. మీకు వినిపించే టక్కు సాధారణంగా అదే. అరుగుదల చప్పుడు వేరు, ఇసుక నలిగినట్టు ఉంటుంది. నొప్పి లేని టక్కుకు చాలామందికి చికిత్సే అక్కర్లేదు.

పళ్ల సంగతి మాత్రం గమనించుకోండి. పెదవులు మూసుకున్నా పై పళ్లూ కింది పళ్లూ తాకకుండా ఉండాలి. కంప్యూటర్ ముందు, స్కూటర్ మీద పళ్లు బిగిస్తున్నారేమో చూసుకోండి. కొన్నాళ్లు చెరకు, జంతికలు, చూయింగ్ గమ్ మానండి. ఆవులింతొస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి. చప్పుడు పోయిందా లేదా అని పదేపదే నోరు తెరిచి చూడొద్దు. పళ్లు అరగదీయించుకోవడానికీ, ఆపరేషన్‌కూ అసలు తొందరపడొద్దు.

నొప్పి మొదలైనా, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టకపోయినా డెంటిస్టును కలవండి. దవడ పట్టేస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి.