మిరప కోతల వేళ ఏడేళ్ల ప్రశ్న

ప్రశ్న: మిరప కోతకు వలస వచ్చిన కూలీల పిల్లలు బడికెందుకు రారని మా ఏడేళ్ల బాబు అడుగుతున్నాడు. ఏం చెప్పాలి? – ఒక తల్లి, నడికుడి

జవాబు: నిజమే చెప్పండమ్మా. ‘వాళ్లకు చదువు మీద ధ్యాస లేదు’ అని దాటవేస్తే పేదరికం వాళ్ల తప్పేనని బాబు నమ్ముతాడు. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లల ఎదుగుదలను గమనించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో నిరుపేద ఇళ్లలోనూ పెద్ద చదువుల ఆశ బలంగానే కనిపించింది. కోతల వెంట ఊళ్లు మారే కుటుంబాలకు లేనిది ఆశ కాదు, నిలకడైన కూలి. ఇంత చిన్నవాడికి ఇవన్నీ ఎందుకంటారా? తేడాను వాడు చూడనే చూశాడు. మనం మాట్లాడకపోతే కారణం వాడే కల్పించుకుంటాడు. జాలి ఒక్కటే నేర్పితే చాలదు, హక్కు సంగతీ చెప్పాలి. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఏడాది మధ్యలో వచ్చినా పిల్లల్ని బడిలో చేర్చుకోవాల్సిందే. హెడ్మాస్టరుతో ఈ మాట మీరే మాట్లాడండి, బాబును వెంట తీసుకెళ్లండి.