టైటానిక్ నేర్పిన పాఠం

సముద్రం మన సంగారెడ్డికి వందల మైళ్ళ దూరం. మనలో చాలామంది ఓడను చూసింది సినిమాలోనే. అయినా టైటానిక్ కథకు మన తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది.

గుంటూరు లూథరన్ మిషన్‌లో పనిచేసిన అలెన్ బెకర్ అనే అమెరికన్ కుమార్తె రూత్. ఆమె 1899లో గుంటూరులోనే పుట్టింది. 1912లో రెండేళ్ళు నిండని తమ్ముడు రిచర్డుకు జబ్బు చేయగా, తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్ని తీసుకొని అమెరికాకు బయలుదేరింది. తండ్రి గుంటూరులోనే ఉండిపోయాడు. ఇంగ్లండులో వారెక్కిన ఓడ టైటానిక్.

ఏప్రిల్ 10న సౌథాంప్టన్ రేవు విడిచిన ఆ ఓడ పొడవు 882 అడుగులు. 14వ తేదీ రాత్రి 11.40 గంటలకు మంచుకొండను రాసుకుంది. తెల్లవారుజామున 2.20కి మునిగిపోయింది. దాదాపు 2,200 మందిలో సుమారు 1,500 మంది మరణించారు.

అంత పెద్ద ఓడ ఎందుకు మునిగింది? దాని అడుగుభాగాన్ని అడ్డగోడలతో 16 గదులుగా విభజించారు. ముందువైపు నాలుగు గదులు నిండినా ఓడ తేలుతుంది. కాని ఆ రాత్రి నీరు అంతకన్నా ఎక్కువ గదుల్లోకి వచ్చింది. పైగా అడ్డగోడలు పై అంతస్తుల దాకా లేవు. బరువుకు ముందుభాగం వంగేసరికి నీరు గోడ మీదుగా పక్క గదిలోకి పొర్లింది. మడి నిండి గట్టు పొర్లితే కింది మడిలోకి నీళ్ళు పోవడం మా రైతు ఇండ్లల్లో పిల్లలకు కూడా తెలుసు. ఇదీ అంతే.

ఇక పడవల సంగతి. ఓడలో ఉన్నవి 20 పడవలు, వాటిలో పట్టేది 1,178 మంది. ఆశ్చర్యమేమిటంటే ఇది చట్టవిరుద్ధం కాదు! 1894 నాటి బ్రిటిష్ నిబంధన ప్రకారం పదివేల టన్నులు దాటిన ఓడకు 16 పడవలుంటే చాలు. టైటానిక్ 46 వేల టన్నులది. ఓడలు పెరిగాయి, రూలు పెరగలేదు.

ఉన్న పడవలు కూడా కొన్ని నిండకుండానే దిగాయి. పన్నెండేళ్ళ రూత్‌కు తల్లి ఎక్కిన 11వ నంబరు పడవలో చోటు దొరకలేదు. ఆమె 13వ పడవలో ఒంటరిగా బయటపడింది. కార్పేథియా అనే ఓడ వారిని రక్షించగా తల్లినీ పిల్లలనూ మళ్ళీ కలుసుకుంది. పెద్దయ్యాక టీచరైంది. 1990లో ఆమె మరణించాక చితాభస్మాన్ని 1994లో ఆ ఓడ మునిగిన చోటనే సముద్రంలో కలిపారు.

ఈ ఘోరం తర్వాత దేశాలు లండనులో సమావేశమై 1914 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. ఓడలోని ప్రతి మనిషికీ పడవలో చోటుండాలి, వైర్‌లెస్ దగ్గర రాత్రింబగళ్ళు మనిషి ఉండాలి, మంచుకొండలపై గస్తీ తిరగాలి అన్నారు. ఆ గస్తీ నేటికీ సాగుతున్నది.

మిత్రులారా! ఇదంతా మనకెందుకంటారా? 2025 జూన్ 30న మన పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలి నలభైమందికి పైగా మరణించారు. మా ఊరి పిల్లలు రోజూ షిఫ్టుకు పోయేది ఆ దారినే. రేపు డిగ్రీ పట్టుకొని మనలో ఎందరో పోయేదీ అక్కడికే. కాగితం మీద అన్నీ సరిగా ఉన్నాయంటే సరిపోదు. ఆ రూలు ఎప్పుడు రాశారు, నేటి యంత్రానికి అది చాలుతుందా, లోపలున్న ప్రతి మనిషికీ బయటపడే దారి ఉందా అని అడగాలి. అడగడం నేర్పకపోతే మనం చదివిన సైన్సు పరీక్షలకే మిగిలిపోతుంది.