లారీ స్టీరింగు కీళ్ల మరమ్మతు

లారీ ముందు చక్రాలు రెండింటినీ ఒకే దిశకు త్రిప్పేది టై రాడ్డు. దాని రెండు కొనలలో గల బాల్ జాయింట్లు అరిగితే, స్టీరింగు త్రిప్పినా చక్రాలు కొంత ఆలస్యంగా కదులుతాయి. ఒకరు స్టీరింగును అటూ ఇటూ ఆడిస్తుండగా మరొకరు జాయింటును గమనిస్తే ఆ లోపం బయటపడుతుంది.

మా అన్నగారి పాత లారీకి ఇంటి ముంగిటనే ఈ మరమ్మతు చేశాము. వెనుక చక్రాలకు రాళ్లు ఒడ్డి, ముందు ఇరుసును జాకీపై కాక గట్టి స్టాండ్లపై నిలిపాము. పాత కొనలు ఎన్ని చుట్లకు ఊడివచ్చాయో లెక్కించి, కొత్తవాటిని అన్ని చుట్లే ఎక్కించాము. అయినా కొత్త కొనల కొలతలో వెంట్రుకవాసి తేడా ఉండవచ్చు గనుక చక్రాల అలైన్‌మెంటు పరీక్ష తప్పదు. లేనిచో టైర్లు త్వరగా అరిగిపోతాయి.

పొరపాటు వేరొకచోట జరిగింది. నట్టు బిగించిన పిమ్మట స్ప్లిట్ పిన్ను దూర్చే రంధ్రం నట్టు గాడికి ఎదురు రాలేదు. సులువని నట్టును కాస్త వెనుకకు త్రిప్పాము. అన్నగారు చూచి మా చేతిలోని పానా లాగుకొన్నారు. నట్టును తదుపరి గాడి వరకు ముందుకే బిగించవలెను గాని వదులు చేయరాదు. వదులైతే కొన సన్నగిల్లిన కాడ తన గూటిలో కదలాడి, కొంతకాలానికి విరుగుతుంది. అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నా చక్రం మాట వినదు. పాత పిన్నునే మళ్లీ వాడుదామన్న మా పొదుపునకు కూడా ఆయన అంగీకరించలేదు. అలైన్‌మెంటు చూపించిన మరునాడే ఆ బండితో ఘాటు రోడ్డు దిగవలసినది ఆయనే.