శ్రీకాకుళం, విజయనగరంలో షాపులు ఇంకా డెస్క్‌టాప్‌లే ఎందుకు వాడుతున్నాయి?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏదైనా మీసేవ సెంటర్‌కి వెళ్లండి. టేబుల్ కింద సీపీయూ, పక్కన యూపీఎస్ కనిపిస్తాయి. డీటీపీ షాపు, ఫోటో స్టూడియో, రైల్వే రిజర్వేషన్ కౌంటర్.. అన్నిచోట్లా ఇదే సీన్. పాత కాలంలోనే ఉండిపోయారు అనుకుంటాం గానీ, వాళ్ల లెక్క వేరే ఉంది.

ముందు పోర్టుల సంగతి. కీబోర్డ్, మౌస్, ప్రింటర్, స్కానర్, వేలిముద్ర డివైస్, వెబ్‌క్యామ్.. ఆరు యూఎస్‌బీలు ఇక్కడే అయిపోయాయి. బడ్జెట్ ల్యాప్‌టాప్‌లో రెండో మూడో ఉంటాయి. హబ్ పెట్టుకోవచ్చు. కానీ క్యూలో జనం ఉండగా హబ్ లూజై వేలిముద్ర పడకపోతే తిట్లు ఆపరేటర్‌కే.

స్టూడియోల కథ ఇంకా ఇంట్రెస్టింగ్. పెళ్లిళ్ల సీజన్‌లో ఫోటోషాప్‌లో ఆల్బమ్‌లు, పక్కన వీడియో రెండరింగ్ గంటల తరబడి నడుస్తూనే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో వచ్చే ఐ5-1235యూ బేస్ పవర్ 15 వాట్లు. డెస్క్‌టాప్ ఐ5-12400 అయితే 65 వాట్లు. రెండిటి మీదా ‘ఐ5’ అనే రాసి ఉంటుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే! కాసేపు ల్యాప్‌టాప్ కూడా బాగానే పరిగెడుతుంది. లోడ్ అలాగే కొనసాగితే వేడెక్కి స్పీడ్ తగ్గించేసుకుంటుంది. మే నెలలో, ఏసీ లేని గదిలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

డీటీపీ వాళ్లది ఇంకో సమస్య. పెళ్లి కార్డులు, కరపత్రాల పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకే నడుస్తున్న సిస్టమ్‌ని ఎవరూ కదపరు. ఎస్‌ఎంపీఎస్ పోతే ఊళ్లోనే కొత్తది వేయించుకుంటారు. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డ్ పోతే అంత ఈజీగా తెమలదు.

కరెంటు దగ్గర మాత్రం డెస్క్‌టాప్ ఓడిపోతుంది. 600 వీఏ యూపీఎస్ సుమారు 10-15 నిమిషాలు ఇస్తుంది, అంటే పని సేవ్ చేసి షట్‌డౌన్ చేసే టైమ్ అన్నమాట. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ కూడా కొన్ని గంటలే. కోతలు ఎక్కువున్న చోట షాపు పెడుతుంటే ఇన్వర్టర్‌ని కూడా బడ్జెట్‌లో కలపండి.

ఇప్పుడు అసలు విషయం. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. తక్కువ ధరకి దొరుకుతోందని నాలుగో జెన్, ఆరో జెన్ ఐ5 సెకండ్ హ్యాండ్ పీసీ తీసుకోకండి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జెన్ లేదా ఆపైది, టీపీఎం 2.0 ఉండాలి. డబ్బులు ఇచ్చేముందే ఆన్ చేయించి ఈ రెండూ చూసుకోండి. పాత పేజ్‌మేకర్ పీసీని మాత్రం నెట్ తీసేసి డిజైన్‌కే ఉంచండి. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఆన్‌లైన్ పేమెంట్లు దాని మీద వద్దు.