ఆర్వీలో కరెంటు పోతే



2024 జులై 8న బెరిల్ తుఫాను దెబ్బకు హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. తుఫాను దాటాక మేము మా ఆర్వీకి తిరిగొస్తే పార్కంతా చీకటి. మండే ఎండలు. ఇండియా నుంచి వచ్చిన అమ్మకు షుగర్.

"బ్యాటరీ ఉందిగా నాన్నా, ఏసీ వెయ్యి" అంది. లెక్క చూడండి. 13,500 బీటీయూ ఏసీ సుమారు 1,500 వాట్లు లాగుతుంది. మా 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 1,200 వాట్-అవర్లు. గంట కూడా రాదు. అదే 12 వోల్టుల ఫ్యానుకు రెండు మూడు ఆంపియర్లు చాలు, రాత్రంతా తిరుగుతుంది. ప్రొపేన్‌తో నడిచే ఫ్రిజ్ అయితే గ్యాస్‌కు మార్చుకోండి. ఇన్సులిన్‌ను కూలర్‌లో పెడితే ఐస్‌కు తగలనివ్వకండి, గడ్డకడితే ఇక పనికిరాదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. రాత్రి చినుకులు పడుతుంటే జనరేటర్‌ను తలుపు పక్కన పందిరి కిందికి లాగాను. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం మోగబట్టి సరిపోయింది, అమ్మను లేపి బయటికి పరుగెత్తాం. జనరేటర్ కనీసం 20 అడుగుల దూరంలో, పొగ అవతలికి పోయేలా ఉండాలి. అలారం బ్యాటరీ ఈరోజే చూసుకోండి.

మధ్యాహ్నం వేడికి ఫ్యాను కూడా వడగాలే విసిరింది. అప్పుడు మన ఫెలోషిప్‌లో కరెంటు ఉన్న ఒక కుటుంబానికి ఫోన్ చేశాం. ముందురోజే చేయాల్సింది, మొహమాటపడ్డాం.