రోజువారీ కారుకు కాయిలోవర్: కొనేముందు నాలుగు లెక్కలు

దిల్లీలో ఐఐటీ పక్కనే ఉన్న కటవారియా సరాయ్ ఒకప్పటి పల్లె. షహీద్ జీత్ సింగ్ మార్గ్ మీద సాఫీగా సాగిన కారు అక్కడి ఇరుకు గల్లీలోకి మలుపు తిరిగిందంటే పరీక్ష మొదలైనట్టే. రోజూ ఇలాంటి రెండు రకాల దారుల్లోనూ తిరిగే కారుకు బయట దొరికే కాయిలోవర్ సస్పెన్షన్ వేయించాలా? ఈ ప్రశ్నకు సమాధానం ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోనే చాలావరకు ఉంది.

కాయిలోవర్ అంటే?

డంపర్ (మనం షాక్ అబ్జార్బర్ అంటాం) చుట్టూ కాయిల్ స్ప్రింగు అమర్చిన యూనిట్ ఇది. మన చిన్న కార్లలో ఎక్కువగా ముందు చక్రాలకు ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ కూడా ఈ కోవదే. 1950లో బ్రిటన్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్ కారులో ఈ స్ట్రట్ ఉండేది. విడిగా అమ్మే కాయిలోవర్‌లో అదనంగా మరలున్న గొట్టం, దానిపై తిరిగే రింగు ఉంటాయి. రింగును కిందికి దించితే కారు కూడా దిగుతుంది. రింగు పైకి బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందన్నది అపోహ. మామూలు స్ప్రింగు గట్టిదనం మారదు, కారు ఎత్తు మాత్రమే మారుతుంది.

మొదటి లెక్క: గట్టిదనం

రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రం ప్రకారం స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంత బలంగా తిరిగి తోస్తుంది. ఒక చక్రంపై 300 కిలోల బరువు ఉందనుకుందాం. చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లయితే, కారు సెకనుకు 1.3 సార్లు ఊగుతుంది. మామూలు కార్లు ఇంచుమించు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. 60 న్యూటన్ల స్ప్రింగు వేస్తే ఇది 2.25కి పెరుగుతుంది. చక్రం 5 సెంటీమీటర్ల మిట్ట ఎక్కినప్పుడు బాడీకి తగిలే అదనపు బలం కూడా 100 కిలోల బరువంత నుంచి 300 కిలోలంతకు పెరుగుతుంది. నిలువు కుదుపుల్లో మన శరీరాన్ని ఎక్కువగా బాధించేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి. గట్టి స్ప్రింగు కారును ఆ వైపుకే జరుపుతుంది. వెనుక సీట్లో పెద్దవాళ్లు కూర్చునే కారుకు ఇది చిన్న విషయం కాదు.

రెండో లెక్క: మిగిలే కదలిక

చక్రం పైకి కదలడానికి 80 మిల్లీమీటర్ల చోటు ఉందనుకోండి. కారును 40 దించితే సగమే మిగులుతుంది. స్ప్రింగు దాచుకునే శక్తి నొక్కుడు వర్గాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి అదే దెబ్బను సగం దూరంలో ఆపాలంటే నాలుగు రెట్లు గట్టి స్ప్రింగు కావాలి. అది లేకపోతే సస్పెన్షన్ చివరిదాకా వెళ్లి రబ్బరు స్టాపర్‌కు గుద్దుకుంటుంది. గుంతలో ‘దడ్’మని వినిపించేది ఆ చప్పుడే.

మూడో లెక్క: స్పీడ్ బ్రేకర్

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లున్న కారు దాన్ని దాటేటప్పుడు నాలుగు చక్రాలూ హంప్ మీదే ఉండే క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు కారు నడిమి భాగం కిందికి చొచ్చుకొచ్చేది సుమారు 46 మిల్లీమీటర్లే. అదే 10 సెంటీమీటర్ల ఎత్తుతో సన్నగా కట్టిన దిమ్మె అయితే మొత్తం 100 మిల్లీమీటర్లూ చొచ్చుకొస్తుంది. 165 గ్రౌండ్ క్లియరెన్స్‌ను 40 తగ్గిస్తే 125 మిగులుతుంది. అయిదుగురు ఎక్కితే కారు ఇంకా కుంగుతుంది. ఇక ఆయిల్ సంప్‌కు రక్షణ కొద్ది మిల్లీమీటర్లే.

నాలుగో లెక్క: డంపర్

స్ప్రింగు శక్తిని దాచి తిరిగి ఇస్తుంది, డంపర్ దాన్ని వేడిగా మార్చి ఊపును ఆపుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. పాత డంపర్ ఉంచి మూడు రెట్లు గట్టి స్ప్రింగు వేస్తే, ఊపును అణచే సామర్థ్యం సాపేక్షంగా 1.7 రెట్లు తగ్గుతుంది. జతగా రూపొందించిన కాయిలోవర్‌కు అసలు మేలు ఇక్కడే ఉంది. అయితే డంపర్ మరీ బిగువైతే చక్రం రోడ్డు ఎగుడుదిగుళ్లను అనుసరించలేదు. టైరు నేలను వదిలిన క్షణంలో బ్రేకూ స్టీరింగూ పనిచేయవు.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. కాబట్టి డబ్బు కట్టకముందే ఆర్టీఓ కార్యాలయాన్నీ బీమా కంపెనీనీ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మరి ఎలా ఎంచుకోవాలి?

కారు మలుపుల్లో మరీ ఒరుగుతోందా? ముందు టైర్లలో గాలి, పాత డంపర్లు, రబ్బరు బుష్‌లు చూపించండి. చాలాసార్లు కొత్త ఒరిజినల్ డంపర్లతోనే పని తీరుతుంది. అనుమతి ఉండి కాయిలోవరే కావాలనుకుంటే, స్ప్రింగు గట్టిదనం అంకెల్లో చెప్పే, విడిభాగాలు దొరికే, విప్పి బాగుచేయగల సెట్ తీసుకోండి. అసలు ఎత్తుకు దగ్గరగానే ఉంచండి. బిగించాక వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల దిశ సరిచేయించండి. ఆఖరుగా, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి కారు అడుగున అన్నిటికన్నా కిందున్న చోటు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. మీరు రోజూ దాటే అతి ఎత్తైన దిమ్మెనూ కొలవండి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే మీ కారు ఎంత దిగవచ్చో చెబుతుంది.